క్రాసెంట్‌ని 'గుల్లగా ఉంది' అనొచ్చా?

ఒక మాట కావాలండీ. గ్రూపులో పెద్దలు, వంటింట్లో చెయ్యి తిరిగినవాళ్లు ఎవరైనా సరే చెప్పండి.

సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో నాలుగేసి పెట్టి అమ్మే క్రాసెంట్లు అనే ఫ్రెంచి రొట్టెలు ఉన్నాయి కదా, శనివారం రాత్రి ఎవరూ పప్పు నానబొయ్యకపోతే ఆదివారం మా భీమవరం ఇంట్లో టిఫిను అవే. పెనం మీద మూత పెట్టి సన్నని సెగన కాసేపు ఉంచి కొరికితే పైపొర పగిలి ఒళ్లోకి రాలుతుంది, లోపల మాత్రం మెత్తగా, కొంచెం సాగుతూ, గాలి గదులు గదులుగా ఉంటుంది. ఈ గుణానికి మనకి మాట ఉందా? వంటల వీడియోల్లో 'ఫ్లేకీ' అనేసి ఊరుకుంటున్నారు. తెలుగులో రాసేవాళ్లు 'కరకరలాడే' అంటున్నారు, అదింకా అన్యాయం, కరకరలాడేది అప్పడం. నాకు తోచింది 'గుల్ల'. జంతికలు గుల్లగా వచ్చాయి అంటామే, ఆ గుల్ల. ఏమంటారు?

కాకినాడ నుంచి:
దగ్గరికొచ్చారు గానీ పూర్తిగా కాదండి. కరకర అంటే పంటి కింద చప్పుడు. పెళుసు అంటే పట్టుకుంటే విరిగిపోయేది, మనుషుల మాటక్కూడా వాడతాం. గుల్ల అంటే లోపల బోలు, అందుకే నత్తగుల్ల, గుల్లసున్నం, ఆఖరికి ఇల్లు గుల్లవడం కూడా. వంటింట్లో మెచ్చుకోలు, బయట నష్టం, ఒకటే మాట. జంతికల పిండిలో వెన్న ఎందుకు వేస్తాం? వెన్న పిండిలో కలిసిపోయి అది గట్టిగా అతుక్కోకుండా చేస్తుంది, అందుకే నోట్లో వేసుకోగానే పొడైపోతుంది. క్రాసెంట్‌లో వెన్న పిండిలో కలవకూడదు. విడిగా పలకలా చేసి పిండి మధ్య పెట్టి, ఒత్తి, మూడు మడతలు వేసి, మళ్లీ ఒత్తి మళ్లీ మడుస్తారు. మూడుసార్లు అలా చేస్తే వెన్న 27 పొరలవుతుంది. పొయ్యిలో వెన్నలో ఉన్న నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. కాబట్టి అసలు సంగతి బోలుతనం కాదు, పొర. తాపేశ్వరం మడత కాజా చేసేవాళ్లని అడగండి, పిండిని పల్చగా ఒత్తి, నెయ్యి రాసి, చుట్టి, ముక్కలు కోసి, ఒత్తి, సన్నని సెగ మీద వేయిస్తారు, పొరలు విచ్చుకుంటాయి. 'పొర విచ్చింది' అంటే చాలు. బేకరీ ఎగ్ పఫ్ కూడా ఇదే కుటుంబం, కాకపోతే అందులో ఈస్ట్ ఉండదు, లోపల ఆ మెత్తదనం అందుకే రాదు.

రాజమండ్రి నుంచి:
గుణం సంగతి తర్వాత మాస్టారూ, ముందు పేరు తేల్చండి. ఒక షాపులో క్రాసెంట్, ఇంకో షాపులో క్రోయిసెంట్, బిల్లు మీద ఇంకేదో. ఫ్రెంచిలో ఆ మాటకి పెరిగే చంద్రుడు అని కదా అర్థం, హాయిగా 'నెలవంక రొట్టె' అనుకుంటే పోదా?

భీమవరం (పోస్టు పెట్టినవాడిని):
వద్దండి బాబూ. ఫ్రాన్స్‌లో అచ్చం వెన్నతో చేసినవి చాలాచోట్ల తిన్నగానే ఉంటాయి, వంపు తిరిగినవి మామూలు రకం. మన సూపర్ మార్కెట్ డబ్బాలోవి కూడా దాదాపు తిన్ననివే. నెలవంక అని పేరు పెట్టి తిన్నటిది చేతికిస్తే పిల్లలు నవ్వుతారు. ఇంకో మాట, 1683లో తుర్కుల ముట్టడిని ఓడించిన గుర్తుగా వియన్నా రొట్టెలవాళ్లు నెలవంకలు చేశారనే కథ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది, అది కథే. వియన్నాలో కిప్ఫెర్ల్ అనే వంకర రొట్టె అంతకంటే చాలా పాతది. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా ఆయన 1830ల చివర్లో ప్యారిస్‌లో వియన్నా బేకరీ పెట్టాకే ఫ్రెంచివాళ్లకి దాని మోజు పట్టింది, పొరల పిండితో చెయ్యడం ఆ తర్వాతి సంగతి. పరాయి దేశం నుంచి వచ్చిన దాన్ని వాళ్లే సొంతం చేసుకున్నప్పుడు మనం పేరు మార్చడానికి కంగారేం లేదు.

అమలాపురం నుంచి:
పలుకుబడి కావాలంటే మన దగ్గర అరసున్న ఖాళీగానే ఉంది. 'క్రువాసాఁ' అని రాయండి. చివర 'ట' పలకరు, ముక్కుతో వదిలేస్తారు. బాలవ్యాకరణంలో ఖండబిందువు అన్నది ఈ అరసున్ననే, ఇలాంటి చోటికైనా పనికొస్తుంది.

కాకినాడ నుంచి:
మన అరసున్న వాఁడు, మూఁడు అని రాయడానికే గానీ అందులో ముక్కు ఎవరు పలికారండీ! ఎప్పుడో అరిగిపోయిన సున్నకి మిగిలిన గుర్తు అది. మీరు చెప్పే పని హిందీవాళ్ల చంద్రబిందువుది. అసలు ఫ్రెంచి పలుకు కావాలంటే పక్కనే యానాం ఉంది, 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనే. అక్కడి పాతతరం వాళ్లని అడగండి. అయినా యానాంలో కూడా పొద్దున్నే పెనం మీద పడేది పెసరట్టే అనుకోండి.

నరసాపురం నుంచి:
మీరంతా పేర్ల దగ్గరే ఆగిపోయారు. డబ్బా మీద సన్న అక్షరాలు చదివారా? చవక వాటిల్లో చాలావరకు వెన్న బదులు వనస్పతి లాంటి కొవ్వు ఉంటుంది, అది మన ఎండకి తట్టుకుంటుంది, తిన్నాక అంగిట్లో అంటుకుంటుంది. అసలు వెన్న 32–35 డిగ్రీలకే కరిగిపోతుంది, మే నెలలో ఇక్కడ ఏసీ లేని గదిలో మడతలు వెయ్యడం కుదిరే పని కాదు. ఇక తినడం అంటారా, మా ఇంట్లో దిబ్బరొట్టెకి పోసినట్టే దీనికీ చెరుకు పానకం పోస్తారు. ఫ్రెంచివాళ్లు కాఫీలో ముంచుకుంటారు, మనం పానకంలో ముంచితే తప్పేంటి? తిని చూడండి, ఆయ్.

భీమవరం:
పానకం మాట విన్నాక ఇక వాదించలేను, వచ్చే ఆదివారం చూస్తాను. పేరుకి క్రాసెంట్ ఉంచేద్దాం, అరసున్న వాడాలనుకునేవాళ్లు వాడండి, నేనేం అనను. గుణానికి మాత్రం కాకినాడ వారి పొర, నా గుల్ల కలిపి 'పొరగుల్ల' అంటే ఎలా ఉంది? "ఇవాళ్టివి బాగా పొరగుల్లగా ఉన్నాయి" అని ఇంట్లో అనేసి చూశాను, మా అమ్మ ఏం మాటరా అది అని అడగలేదు, ఇంకోటి వెయ్యమంది. అడక్కుండా అర్థమైందంటే మాట నడుస్తుందనే నా లెక్క. మైక్రోవేవ్‌లో పెట్టి తీసినవాటికి కొత్త మాట అక్కర్లేదు, మా ఇంట్లో వాటిని 'తోలు' అంటారు.