అప్‌డేట్: రొయ్యల చెరువు అప్పు, నిద్ర పట్టని రాత్రులు

భీమవరం దగ్గర రొయ్యల చెరువుకు తెల్లమచ్చ వైరస్ సోకి పంట పోయింది, అప్పు తలచుకుంటే నిద్ర పట్టడం లేదు, ఏం చేయాలని అడిగింది నేనే. "ముందు అప్పులన్నీ కాగితం మీద పెట్టండి" అన్నారొక పెద్దాయన. రాస్తే తీరతాయా అని గొణుక్కుంటూనే రాశాను. మేత కొట్టు బాకీ, కరెంటు బిల్లు, చేబదుళ్లు అన్నీ కలిపినా నేను బెంబేలెత్తినంత లేవు. అసలు ముల్లు ప్రోనోటు మీద తెచ్చిన సొమ్ము. నూటికి రెండు రూపాయలంటే వినడానికి చిన్నదే, ఏడాదికి 24 శాతం! మా ఆవిడ తనంతట తానే గాజులు తీసి ఇచ్చింది. బ్యాంకులో తాకట్టు పెట్టి ఆ నోటు చింపించాను. బ్యాంకు వడ్డీ అందులో సగం కూడా లేదు. (మా అత్తగారి మూతి విరుపులు వేరే కథ.)

ఈసారి చెరువు అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టి, పీతలు దూరకుండా గట్టు చుట్టూ వల కట్టి, సీడ్ (రొయ్య పిల్లలు) పలచగా వేశాను. దిగులు పూర్తిగా పోయిందా అంటే లేదు. కరెంటు పోతే ఇప్పటికీ లేచి కూర్చుంటాను, కాకపోతే చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ల కోసం. జనరేటర్ తిరిగితే మళ్లీ పడుకుంటున్నాను. మేత కొట్టు ఆయన సంక్రాంతి దాకా ఆగుతానన్నారు.