నా గుండె లెక్కలు నా దగ్గరే ఉంచే వాచీ ఏది?

ఇప్పుడున్న స్మార్ట్‌వాచీ ఖాతా తెరవనిదే పనిచేయదు. గుండె వేగం, నిద్ర గంటలు అన్నీ తయారీదారు సర్వర్‌కు మోసుకుపోతుంది. విసుగొచ్చింది. ఆండ్రాయిడ్ ఫోనులో గాడ్జెట్‌బ్రిడ్జ్ వేసుకున్నాను, కంపెనీ యాప్‌కు బదులుగా వాచీని ఫోనుతో కలిపే యాప్ అది. అది ఖాతా అడగదు, సమాచారాన్ని ఫోనులోనే ఉంచుతుంది. దానితో కుదిరే వాచీ కావాలి.

మనసు పైన్‌టైమ్ వాచీ మీదే ఉంది, దాన్ని నడిపే ఇన్ఫినీటైమ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూడొచ్చు) కాబట్టి. కానీ అందులో జీపీఎస్ లేదు, నేనేమో రోజూ పరుగెత్తే మనిషిని (పరుగు అనడం కొంచెం గొప్పే). బ్యాంగిల్ జేఎస్ 2 అనే వాచీలో జీపీఎస్ ఉంది. వాడినవారు చెప్పండి: దారిని సరిగా నమోదు చేస్తుందా? జీపీఎస్ వేస్తే ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తుంది?

కొన్ని అమేజ్‌ఫిట్ వాచీలను గాడ్జెట్‌బ్రిడ్జ్‌కు జతచేయాలంటే రహస్య కీ కోసం ముందు కంపెనీ యాప్‌లోనే నమోదు కావాలి. ఆ ఒక్కసారికీ తలవంచక తప్పదా?