ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: బాబుకి చదువు ఎందుకు రావడం లేదు?

గుణుపూర్ అమ్మ:
బాబుకి ఏడేళ్లు నిండాయి. రెండో తరగతి, ఒడియా మీడియం. ఇంట్లో మాకు తెలుగే. ఇప్పటికీ రెండక్షరాలు కలిపి చదవలేడు. మాస్టారు "మీవాడికి ఎక్కదు, స్పెషల్ స్కూల్ చూసుకోండి" అనేశారు. సంతలో చిల్లర లెక్క మాత్రం నోటితో నాకంటే ముందే చెప్తాడు. మా అత్తగారు భాష రాకే అంటారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇది దాటి వచ్చినవాళ్లుంటే చెప్పండి.

పర్లాకిమిడి టీచర్:
అమ్మా, ఆ మాట మనసులోంచి తీసేయండి. సరిహద్దు బళ్లలో రెండు రకాల తప్పులూ జరుగుతాయి. భాష రాని పిల్లవాణ్ణి మొద్దు అనేస్తాం. నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లని "తెలుగువాళ్లు కదా, మెల్లగా వస్తుందిలే" అని వదిలేస్తాం. రెండో తప్పు నేనే చేశాను. నాలుగో తరగతికి వచ్చాక గానీ ఆ పాప కష్టం నాకు తెలియలేదు. ఇప్పటికీ బాధే.

ఇంట్లో మూడు వారాలు, రోజూ పది నిమిషాలు తెలుగు అక్షరాలు ఐదు నేర్పి చూడండి. "పలక, పడవ, గిన్నె... వీటిలో మొదటి శబ్దం వేరేగా ఉన్నదేది?" అని నోటితో అడగండి. చిక్కు భాషదే అయితే తెలుగులో తేలిగ్గా పట్టేస్తాడు. చదవడంలోనే ఇబ్బంది ఉంటే రెండు భాషల్లోనూ తడబడతాడు. చాలా ఒడియా అక్షరాలకి పైన గొడుగు ఒకేలా ఉంటుంది, తేడా ఎక్కువగా కింది మెలికలోనే. అందుకని ఒక్క ఒడియా చూసి తేల్చకండి. దీంతోనే జబ్బు పేరు పెట్టేయకూడదు, చూసిందంతా రాసుకుని డాక్టరుకి చెప్పండి.

సిరొంచ నాన్న:
చెవులు చూపించారా? మా పాప మరాఠీ బడికి వెళ్తుంది. పిలిస్తే పలికేది కాదు. మరాఠీ రాకే అని బడిలో అన్నారు, నేనూ నమ్మాను. ఎప్పుడూ జలుబు, చెవిపోటు. చివరికి చూపిస్తే కర్ణభేరి వెనక నీరు చేరి సగం మాటలు వినపడటం లేదన్నారు. చిన్న ఆపరేషన్ చేశాక బాగా వింటోంది. ఒక ఏడాది చదువు పోయింది. ముందు వినికిడి పరీక్ష చేయించండి, కళ్లు కూడా.

బరంపురం బాబాయి:
స్పెషల్ స్కూల్‌కి పొమ్మంటే తలూపి రాకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది వాటిలో ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా చదువు ఉచితం. దగ్గర్లోని బడా, స్పెషల్ స్కూలా అన్నది మీవాడి ఇష్టం, మాస్టారిది కాదు. 17వ సెక్షన్ కాగితం మీద రాసుకోండి: పరీక్షలో ఎక్కువ టైము, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు. మూడు భాషల మధ్య నలిగే మన పిల్లలకి ఆ చివరిది ఎంత ఊరటో!

ఆంధ్రాలో చుట్టాలున్నారు కదా అని, అక్కడ వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం కోసం మేము అటు వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చాం. ఒడిశాలో ఉంటున్నాం కాబట్టి ఇక్కడే యూడీఐడీకి, అంటే దేశమంతటికీ ఒకటే ఉండే వైకల్య గుర్తింపు కార్డుకి, దరఖాస్తు పెట్టాం. ఇక్కడిచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. చదువు ఇబ్బందికైతే ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, మళ్లీ 14కి, 18కి చూస్తారు.

రాయగడ అక్క:
సర్టిఫికెట్ కోసం బాబుకి చేసే పరీక్ష తెలుగులో చేయమని గట్టిగా అడగండి. ఒడియాలో అడిగితే మావాడు నోరు విప్పలేదు, బుద్ధిమాంద్యం అని రాసేశారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని నీపిడ్‌కి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే జాతీయ సంస్థ) తీసుకెళ్తే తెలుగులో మాట్లాడి చూశారు. వాడు అక్కడ మా ఆవు దూడ కథంతా చెప్పాడు. ఆ రోజు బయటికొచ్చి ఏడ్చాను.

గుణుపూర్ అమ్మ:
నెల తర్వాత రాస్తున్నాను. చెవులు, కళ్లు బాగున్నాయి. తెలుగులోనూ తడబడుతున్నాడు, వ, మ కలిసిపోతున్నాయి. కథ మాత్రం ఒక్కసారి వింటే అప్పచెప్తాడు. ఎనిమిది నిండగానే పరీక్షకి తీసుకెళ్తాం. అందరి ముందు నిలబెట్టి చదివించనని మాస్టారు ఒప్పుకున్నారు. టీచర్ గారూ, వ, మ ఎలా నేర్పను?

పర్లాకిమిడి టీచర్:
రెండూ కలిపి చెప్పకండి. ముందు వ ఒక్కటే. ఇసుకలో వేలితో రాయిస్తూ పైకి పలికించండి. అది బాగా కుదిరాక, ఓ పది రోజులు ఆగి మ మొదలుపెట్టండి.