కొండ స్నోమొబైల్‌కి కంపెనీ స్కీలే ఉంచాలా, బయటివి వేయించాలా?

గాజువాక కుర్రాడు:

అందరికీ నమస్తే. నేను కెనడాలో కాల్గరీలో జాబ్, ఇప్పుడు సెలవు మీద ఇంటికొచ్చా, కార్తీక మాసం అవగానే తిరిగెళ్ళిపోతా. ఇక్కడ అరకు ఘాట్ గురించో లంబసింగి గురించో అడిగేవాళ్ళే ఎక్కువని తెలుసు, కానీ మనవాళ్ళలో మంచులో బండి నడిపినోళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారని విని అడుగుతున్నా. పోయిన సీజన్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొండ స్నోమొబైల్ కొన్నా, అంటే మంచు మీద పోయే బండి, వెనక తిరిగే రబ్బరు పట్టా (ట్రాక్), ముందు చక్రాల బదులు రెండు స్కీలు. 850 సీసీ టూ స్ట్రోక్, 154 అంగుళాల ట్రాక్, స్కీలు బండితో వచ్చినవే. రెండు బాధలు. పార్కింగ్ నుంచి కొండ దాకా గట్టిపడిపోయిన ట్రయిల్ ఉంటుంది కదా, దాని మీద 50 దాటితే హ్యాండిల్ నా మాట వినదు, ఎడమకీ కుడికీ లాగేస్తుంది, అరగంటకే భుజాలు పట్టేస్తాయి. పైకెళ్ళాక మెత్తటి మంచులో వాలుకి అడ్డంగా పోదామంటే ముందుభాగం మెల్లగా కిందికి జారిపోద్ది, కిందేమో చెట్లు. ఒకసారి చెట్టు మొదలుకి రెండడుగుల దూరంలో ఆగింది, ఇంజిన్ ఆపేసి ఐదు నిమిషాలు అలా కూర్చుండిపోయా. ఫ్రెండ్స్ బయట స్కీలు వేయించమంటున్నారు, జత 400 డాలర్ల దాకా చెప్తున్నారు, బండికి బిగించే మౌంట్ కిట్ వేరే. అంటే మన డబ్బులో పాతికవేలు. నిజంగా అంత తేడా ఉంటదా? ఉంటే వెడల్పువా, సన్నవా?

మధురవాడ:

బాబూ నేను ఆరేళ్ళు అమెరికాలో యూటాలో ఉండి వచ్చా, కాటన్‌వుడ్ కొండల అవతల చాలా తిరిగా. నువ్వు చెప్పినవి రెండూ వేరే వేరే జబ్బులు, ఒకే మందు వెయ్యకు.

ట్రయిల్ మీద లాగడాన్ని డార్టింగ్ అంటారు. పెద్ద జాలారిపేటలో ఫైబర్ బోట్లు ఇసక మీదకి లాగుతుంటే చూసే ఉంటావు. ముందు లాగిన బోటు అడుగున పొడుగ్గా పొడుచుకొచ్చే కీల్ ఇసకలో గాడి కోసేస్తుంది, వెనకొచ్చే బోటు కీల్ ఆ గాడిలో పడిందంటే నలుగురు పట్టి పక్కకి నెట్టినా రాదు, గాడి ఎటుంటే అటే పోద్ది. నీ స్కీ అడుగునా అలాంటి కీలే, దాని కింద ఉక్కు కడ్డీ, ఆ కడ్డీలో టంగ్‌స్టన్ కార్బైడ్ అనే బాగా గట్టి ముక్క. నీ ముందు పోయిన యాభై బండ్లు కోసిన గాడుల్లో అది పడుతూ లేస్తూ ఉంటే చేతులు నొప్పెట్టక ఏమవుతాయి. కార్బైడ్ అరిగినా, రెండు స్కీల ముక్కులు లోపలికి తిరిగి ఉన్నా ఇది ఇంకా ముదురుద్ది. సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి ముందు ఈ రెండూ చూడు. పార్కింగ్‌లో కంకర మీద, రోడ్డు దాటేటప్పుడు తారు మీద పోనిస్తే కార్బైడ్ చాలా తొందరగా పోద్ది.

వాలు సంగతికొస్తే, అడ్డంగా పోయేటప్పుడు బండి నిలబడేది కొండవైపు స్కీ మీదా ట్రాక్ అంచు మీదా, రెండో స్కీ గాల్లోనే ఉంటది. అంటే భారమంతా ఆ ఒక్క కీల్‌దే. బండితో వచ్చే స్కీ ట్రయిల్‌కీ పనికిరావాలి, లోతు మంచుకీ పనికిరావాలి, బరువూ ఖర్చూ కూడా పెరగకూడదని చేసింది కాబట్టి చాలా వాటిల్లో కీల్ మధ్యస్తంగా ఉంటది. కీల్ లోతుగా, పొడుగునా ఉన్న స్కీ వేస్తే పట్టు తెలుస్తుంది, ఇది నా చేతులతో చూసింది. వెడల్పు మాత్రం గుడ్డిగా కొనకు. వెడల్పు స్కీ మంచు మీద తేలుద్ది నిజమే, కానీ వాలులో అదే వెడల్పు అంచు కొండవైపు మంచుకి తన్ని బండిని కిందికి తోస్తుంది.

సీతమ్మధార:

నేను ఒప్పుకోను గురూ. నేను బ్రిటిష్ కొలంబియాలో రెండు సీజన్లు చేశా, రెవెల్‌స్టోక్ దగ్గర నడుములోతు మంచు, అక్కడ ముందుభాగం తేలకపోతే నీ కీల్ ఎంత లోతున్నా బండి ముక్కు పాతేసుకుంటది, తవ్వుకోడానికే గంట. నేను జంట కీల్ ఉన్న సిమన్స్ ఫ్లెక్సీ స్కీలు వేయించా, ట్రయిల్‌లో లాగడమూ తగ్గింది, పైన తేలడమూ బావుంది. స్టీరింగ్ కొంచెం బరువెక్కిద్ది, అది నిజం. ఎస్‌ఎల్‌పీ, సి అండ్ ఏ అనే కంపెనీల స్కీలు కూడా మా గ్రూపులో వాడారు, ఎవరూ తిరిగి పాతవి బిగించలేదు. ఎలాగూ రేపు కొనేదే కదా, ఈరోజే కొనేస్తే ఒక సీజన్ మిగుల్తుంది.

పెందుర్తి మాజీ జవాన్:

నేను ఆర్మీలో బండ్లూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఉన్నప్పుడు లడఖ్ వైపు స్నో స్కూటర్ల, అంటే ఇలాంటి బండ్లదే, మెయింటెనెన్స్ చూశాను. మాకు కొత్త స్కీలు కావాలంటే ఇండెంట్ పెట్టి నెలలు కూర్చోవాలి, అందుకే ఉన్నదాన్ని నిలబెట్టడమే మా పని. బాబూ, బండిని ఒక పక్కకి ఒరగబెట్టి స్కీ అడుగున కార్బైడ్ అంచు మీద బొటనవేలి గోరు గీసి చూడు. గోరు మీద పొట్టు లేవాలి. జారిపోతే అది అయిపోయినట్టే. తర్వాత హ్యాండిల్ నేరుగా పెట్టి, రెండు స్కీల ముక్కులకి సాగే తాడు కట్టి దగ్గరికి లాగి ఉంచు, జాయింట్లలో లూజు పోవాలి కాబట్టి. అప్పుడు ముందు ఒకచోట, వెనక ఒకచోట ఒక కార్బైడ్ నుంచి ఇంకో కార్బైడ్‌కి టేపు పెట్టి కొలువు. ముందు కొలత వెనకకన్నా రవ్వంత ఎక్కువ ఉండాలి, 3 నుంచి 6 మిల్లీమీటర్లు, మీ మాన్యువల్‌లో ఏం రాసుంటే అదే ఖాయం. స్కీ మధ్యలో స్పిండిల్ కింద, అంటే స్కీని బండికి పట్టే కాలు కింద, రబ్బరు దిమ్మ ఉంటది, అది నలిగిపోతే ముక్కు మీద భారం పడి బండి ఇంకా లాగుద్ది. ఆ రబ్బరు వెనక సగం కింద పలుచటి పట్టీ పెట్టి మేం చాలావాటిని దారికి తెచ్చాం.

ఇంకోటి, వాలులో జారుతుందని హ్యాండిల్ కొండవైపు తిప్పుతున్నావా? తిప్పకు. లోయవైపు తిప్పి, కొండవైపు రన్నింగ్ బోర్డు (కాలు పెట్టే పలక) మీద నీ బరువంతా వెయ్యి. మొదట్లో ప్రాణం ఒప్పుకోదు.

గాజువాక కుర్రాడు:

రాత్రి వీడియో కాల్‌లో మా రూమ్మేట్ చేత గ్యారేజీలో కొలిపించా. గోరు గీస్తే కుడివైపుది నున్నగా జారిపోయింది, ఎడమది పర్లేదు. టేపు పెడితే వెనక కొలతకన్నా ముందు కొలత 9 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది, రెండుసార్లు కొలిపించా, అదే. అంటే ముక్కులు లోపలికే ఉన్నాయి, నేను సీజనంతా అలాగే తోలేశా. రబ్బర్లు కూడా ఒకపక్క నొక్కుకుపోయి ఉన్నాయి. జవాన్ గారూ మీకు దండం, హ్యాండిల్ నేను కొండవైపే తిప్పేవాణ్ణి.

మధురవాడ:

మరింకేం. కార్బైడ్‌లు జత మొత్తం మార్చు, ఒకటే మార్చకు, కొండకి నాలుగంగుళాలవి చాలు. అలైన్‌మెంట్ చేయించి మూడు రైడ్‌లు తిరుగు. ట్రయిల్ లాగడం అక్కడే పోద్ది. వాలులో ఇంకా జారితే అప్పుడు లోతు కీల్ ఉన్న సన్న స్కీ తీసుకో, నువ్వు తిరిగేది నడుములోతు మంచైతే సీతమ్మధార ఆయన చెప్పినట్టు వెడల్పుది. ఏది కొన్నా నీ బండి మోడల్ మౌంట్ కిట్ తోపాటే ఆర్డర్ పెట్టు, ఒక్కో కంపెనీ స్పిండిల్ వెడల్పు ఒక్కోలా ఉంటది, నేను కిట్ లేకుండా తెప్పించి రెండు వారాలు గోడకి ఆనించి చూస్తూ కూర్చున్నా, బయట మంచు పడుతూనే ఉంది. పాత స్కీలు పారెయ్యకు, బండి అమ్మేటప్పుడు అడుగుతారు.

గాజువాక కుర్రాడు:

కార్బైడ్‌లూ రబ్బర్లూ ఇప్పుడే ఆర్డర్ పెట్టేశా, రూమ్మేట్ తీసుకుంటాడు. డిసెంబర్‌లో మొదటి రైడ్ అయ్యాక ఇక్కడే రాస్తా.