కొబ్బరి మొదట్లో పుట్టే గానోడెర్మా పుట్టగొడుగు కషాయం తాగొచ్చా?

లంకపొలం: నిద్ర పట్టడానికి, రోగనిరోధక శక్తికి అని జనం రేషి పొడి డబ్బాలు కొంటున్నారు. రేషి అంటే గానోడెర్మానే కదండీ, మన కోనసీమలో కొబ్బరి మొదళ్లకే పుడుతుంది. పలచగా కోసి, గలగలలాడేదాకా ఆరబెట్టి, లీటరు నీళ్లలో 10 గ్రాములు వేసి సన్నసెగన రెండు గంటలు కాచాలి. చెక్కలా ఉంటుంది కాబట్టి ఊరికే నానబెడితే సారం దిగదు. చైనా ఔషధ గ్రంథం రోజుకు 6 నుంచి 12 గ్రాములంటుంది. మనదెందుకు పారేయాలి?

మొవ్వు: ఆ జాతి వేరండీ. చైనాలో సాగుచేసేదానికి 2012లో గానోడెర్మా లింగ్జి అని విడిగా పేరుపెట్టారు. మన చెట్లకు గానోడెర్మా అప్లనేటమ్ అనే మరో జాతి కూడా వస్తుంది.

లంకపొలం: నోట్లో వేసుకుంటే చేదు. అదే గుర్తు.

మొవ్వు: చేదు ట్రైటర్పీన్లది, ఈ జాతుల్లో చాలావాటికి ఉంటుంది. అవి బాగా దిగాలంటే ఆల్కహాల్ కావాలి, నీళ్లలో దిగేవి ముఖ్యంగా బీటా గ్లూకాన్లనే పీచు పదార్థాలు. చేదును బట్టి జాతి చెప్పలేం.

పెన్నేరుగడ్డ: ఒత్తిడికి అశ్వగంధ వేరు పొడి 3 గ్రాములు పాలల్లో వేసుకుంటే చాలదా?

మందులకొట్టు: థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు, కాలేయం జబ్బున్నవాళ్లు డాక్టరునడగకుండా వద్దు. ఆకు కలిపిన పొడి అసలొద్దు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు రేషి కూడా అంతే.

లంకపొలం: డబ్బాలో వస్తే ఔషధం, రైతు చెట్టుకు పుడితే పనికిరానిదా? ఎప్పుడూ ఇంతే.

గెల: అసలు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు, ఈ గానోడెర్మా కొబ్బరి మొదలును కుళ్లబెట్టే తెగులు. మొదట బెరడు పగుళ్లలోంచి ఎర్రగోధుమ రంగు జిగురు కారుతుంది. గొడుగు పైకొచ్చేసరికి లోపల మొదలంతా కుళ్లిపోయి ఉంటుంది. అలాంటి చెట్టుకు వేరు ద్వారా 100 మి.లీ. నీళ్లలో 2 మి.లీ. హెక్సాకొనజోల్ అనే తెగులు మందు ఎక్కిస్తారు. దాని గొడుగు కాచి తాగుతారా?

లంకపొలం: మందు ఎక్కించని చెట్టుదే కోస్తాను.

గెల: అంటే గొడుగు ముదిరేదాకా జబ్బు చెట్టును అలాగే వదిలేస్తారా? గొడుగు అడుగున సూదిమొనంత రంధ్రాలుంటాయి, వాటిలోంచి గోధుమరంగు పొడి రాలుతుంది. అదే బీజం. నా గొడవంతా అక్కడేనండీ. కషాయం మీరు తాగండి, తోటలు మావి పోతాయి!

మొవ్వు: నేను జాతి దగ్గరే ఆగిపోయాను. గెల గారి మాటే ముఖ్యం.

లంకపొలం: సరే, షెడ్డులో రంపపుపొట్టు సంచుల మీద పెంచుతాను.

గెల: కొబ్బరి తోటల మధ్య అదీ వద్దండీ. వరిగడ్డి మీద ముత్యపుచిప్ప పుట్టగొడుగు పెంచండి, బీటా గ్లూకాన్లు దానిలోనూ ఉన్నాయి. కొబ్బరి మొదళ్లకు పుట్టిన గొడుగులు మాత్రం కోసి కాల్చేయండి. చచ్చిన చెట్టును దుంపా వేళ్లతో సహా పెకలించాలి. చుట్టుపక్కల చెట్లకు ఏడాదికి ఒక్కోదానికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణచే మేలు శిలీంధ్రం) కలిపి వేయాలి.

లంకపొలం: కాల్చడం మాత్రం నాకు మనసొప్పదు. జబ్బు చెట్టు చుట్టూ కందకం ఎంత తవ్వాలి?

గెల: రెండడుగుల లోతు, అడుగు వెడల్పు. ఈ వారంలోనే తవ్వించండి.