కాల్చిసిన్ పెట్టినా క్రొమాటిడ్లు ఎలా విడిపోతున్నాయి?

నమస్కారమండీ. బెంగళూరులో ఎమ్మెస్సీ బాటనీ చదువుతున్నాను. యశ్వంతపుర మార్కెట్ నుంచి తెచ్చిన ఉల్లిగడ్డల వేర్ల కొనలతో స్లైడ్లు చేస్తున్నాను. ఉల్లిలో క్రోమోజోములు 16. కాల్చిసిన్‌లో (కణ విభజనలో క్రోమోజోములను లాగే కండె పోగులను ఏర్పడనివ్వని మందు) కొద్దిసేపు ఉంచిన వేళ్లలో క్రొమాటిడ్ల జంటలు, అంటే ఒక్కో క్రోమోజోము రెండు నకళ్లు, అతుక్కునే ఉన్నాయి, అంతవరకు అర్థమైంది. కానీ ఒక రోజంతా ఉంచినవాటిలో రెండు క్రొమాటిడ్లూ విడిపోయి, స్కీ కర్రల్లా పక్కపక్కనే పడి ఉన్నాయి. కొన్ని కణాల్లో 32 లెక్కపెట్టాను, రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా.

నా చిక్కు ఇదీ. క్రొమాటిడ్లను కలిపి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్‌ను సెపరేజ్ అనే ఎంజైమ్ కోయాలి. సెపరేజ్‌ను సెక్యూరిన్ అనే మరో ప్రోటీన్ పట్టి ఉంచుతుంది (ప్రయోగాల్లో వాడే అరబిడాప్సిస్ మొక్కలో ఆ పని పాట్రోనస్‌ది). ఏపీసీ అనే ప్రోటీన్ల సముదాయం సెక్యూరిన్‌ను తీసేయిస్తేనే దానికి విడుదల. కండె పోగులే లేనప్పుడు మ్యాడ్2 ప్రోటీన్ కాపలా (క్రోమోజోములు కండె పోగులకు అతుక్కునేదాకా విభజనను ఆపే ఏర్పాటు) ఏపీసీని ఆపాలి కదా! మరి కత్తెర ఎలా పడింది? కాపలా అలసిపోతుందా, సెక్యూరిన్ కొంచెం కొంచెంగా తరిగిపోతుందా? సెంట్రోసోములు (జంతుకణాల్లో కండె పోగులు మొదలయ్యే కేంద్రాలు) లేని మొక్కల్లో ఈ కాపలా జంతుకణాలకన్నా బలహీనమా?

ఉల్లి మీద పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి. ఏ గంటల్లో వేళ్లు తీసి చూస్తే ఆ మార్పు దొరుకుతుందో చెప్పినా చాలు, రాత్రంతా ల్యాబ్‌లో కూర్చుంటాను.