అథ్లెటిక్ ట్రైనింగ్‌కు మాస్టర్స్ తప్పనిసరి చేయడం సబబేనా?

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి ఒక తండ్రి:

మా అమ్మాయి ఈ ఏడాది హైస్కూల్ పూర్తిచేస్తుంది. సాకర్‌లో మోకాలి లిగమెంటు తెగి శస్త్రచికిత్స జరిగినప్పటి నుంచి మళ్లీ మైదానంలో అడుగుపెట్టేదాకా తనను కనిపెట్టుకుని ఉన్న స్కూలు అథ్లెటిక్ ట్రైనర్‌ను (ఆటగాళ్ల గాయాలు, ఆరోగ్యం చూసుకునే నిపుణులు) చూసి, తానూ అదే వృత్తిలోకి వెళ్తానని పట్టుదలగా ఉంది. వృత్తి మీద మాకు గౌరవమే, సందేహమల్లా చదువు గురించి. అమెరికాలో ఇందుకు ఒకప్పుడు నాలుగేళ్ల డిగ్రీ చేసి, బోర్డు పరీక్ష (ఈ వృత్తికి అర్హతను ధ్రువీకరించే పరీక్ష) నెగ్గి, రాష్ట్ర లైసెన్సు తీసుకుంటే సరిపోయేది. మాస్టర్స్ ఉండి తీరాలని వృత్తి సంఘాలు 2015లో నిర్ణయించాయి. 2022 ఫాల్ టర్మ్ మొదలయ్యాక బ్యాచిలర్స్ కోర్సుల్లోకి కొత్తవారిని తీసుకోవడానికి వీల్లేకుండా పోయింది. కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2023 మే నాటికి వీరి మధ్యస్థ వార్షిక వేతనం 57,930 డాలర్లు. ఆరేళ్ల చదువుకు, దానికయ్యే అప్పుకు ఈ జీతం ఏ మూలకు సరిపోతుంది? ఈ నిబంధనతో బాగుపడింది క్రీడాకారులా, ఫీజులు వసూలు చేసుకునే విశ్వవిద్యాలయాలా?

ఒహాయోలో అథ్లెటిక్ ట్రైనర్:

మీ ఆవేదన న్యాయమైనదే అయినా, నిబంధనను ఫీజుల లెక్కతో మాత్రమే తూచడం సరికాదని నా అభిప్రాయం. ఆగస్టు ఎండలో, హెల్మెట్, ప్యాడ్లతో పరుగెత్తుతున్న ఫుట్‌బాల్ ఆటగాడు తూలుతూ పొంతన లేకుండా మాట్లాడుతున్నాడనుకోండి. అది అలసటా, వడదెబ్బా అన్నది అక్కడికక్కడే తేల్చాలి. శ్రమ తర్వాత నోట్లోనో నుదుటి మీదో చూసిన జ్వరం లెక్కను నమ్మలేము కాబట్టి గుదం ద్వారానే ఉష్ణోగ్రత చూడాలి. అది 40 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటే ప్యాడ్లు విప్పి, మెడ దాకా మంచునీటి తొట్టిలో దింపాలి. తల మునగకుండా చంకల కిందుగా తువాలు వేసి ఒకరు పట్టుకోవాలి. ఒంటి చుట్టూ వేడెక్కిన నీరు నిలిచిపోకుండా కలియబెడుతూనే ఉండాలి. అంబులెన్సు వచ్చినా సరే, ముందు చల్లబరచడం, ఆ తర్వాతే తరలించడం. దీనికి తోడు గుండె ఆగడం, మెడ ఎముక గాయాలు, కంకషన్ (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) తర్వాత ఆటగాడిని ఎప్పుడు తిరిగి దింపాలన్న నిర్ణయం, ఇవన్నీ ఒక్క మనిషి మీదే ఉంటాయి. ఇంత బాధ్యతకు శరీరశాస్త్రం, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రం ముందే చదివి వచ్చిన విద్యార్థి కావాలి. డిగ్రీ రోజుల్లో మిగతా సబ్జెక్టుల మధ్య మైదానం పనికి సమయం చిక్కేది కాదు. ఇప్పుడు కనీసం నాలుగు వారాలు పూర్తికాలం క్లినిక్‌లోనో జట్టుతోనో గడపడం తప్పనిసరి.

అట్లాంటాలో ఫిజికల్ థెరపిస్టు (గుంటూరులో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ):

మీరు చెప్పిన చికిత్సలో ఒక్క అక్షరాన్నీ కాదనను. అయితే మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో జరిగింది గుర్తుచేసుకోండి. 2018 మే 29న సాధన మధ్యలో వడదెబ్బ తగిలిన జోర్డాన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు జూన్ 13న మరణించాడు. అతడిని చల్లటి నీటిలో ముంచలేదని విచారణలో తేలింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడే బాధ్యత ఒప్పుకున్నారు. అక్కడ అర్హత ఉన్న ట్రైనర్లు లేకపోలేదు. వైద్య సిబ్బంది మాటను కోచ్ తోసిపుచ్చరాదని పెద్ద కాన్ఫరెన్సులు (కాలేజీ జట్ల లీగులు) 2016లోనే నియమం పెట్టుకున్నాయి కూడా. చదువుకూ నియమానికీ లోటు లేని చోటే అలా జరిగిందంటే, ఇంకో రెండేళ్లు తరగతిలో కూర్చోబెట్టడం దానికి విరుగుడు ఎలా అవుతుంది? మా వృత్తినీ ఇలాగే డాక్టరేట్ దాకా లాగారు. అప్పులు పెరిగినంతగా జీతాలు పెరగలేదని మాలో చాలామంది బాధపడుతున్నారు.

ఒహాయోలో అథ్లెటిక్ ట్రైనర్:

మెక్‌నెయిర్ విషయంలో మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. కాగితం మీది అధికారం మైదానంలో దానంతటదే చెల్లదు. కానీ కోచ్ ఎదుట నిలబడి "ఈ అబ్బాయి ఈ రోజు ఆడడు" అని చెప్పాల్సిన మనిషి వైద్యుడితో సమానంగా మాట్లాడగల చదువున్నవాడైతే ఆ మాటకు బరువు వస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మాస్టర్స్ రెండో ఏడాది విద్యార్థిని:

అంకుల్, అన్నిచోట్లా ఆరేళ్లు పట్టదు. మూడేళ్ల డిగ్రీ చదువు, రెండేళ్ల మాస్టర్స్ కలిపి ఐదేళ్లలో ముగించే కోర్సులు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. నేను చదువుతున్నదీ అదే. ఒక ఏడాది ఫీజు మిగులుతుంది.

ఫ్రిస్కో తండ్రి:

అందరికీ కృతజ్ఞతలు. ఐదేళ్ల దారి గురించి నాకు తెలియదమ్మా, తప్పక చూస్తాము. ట్రైనర్ గారు వివరించిన పని విన్నాక, ఆ చదువు ఎక్కువైందని అనలేను. అయినా నా అభ్యంతరం మిగిలే ఉంది. ఈ దేశంలో సుమారు మూడో వంతు హైస్కూళ్లకు అథ్లెటిక్ ట్రైనరే అందుబాటులో లేరు. డబ్బున్న జిల్లాలు ఇద్దరు ముగ్గురిని పెట్టుకుంటే, లేనిచోట కోచే బ్యాండేజీలు కడుతున్నాడు. డిగ్రీ స్థాయి పెంచిన వృత్తి సంఘాలు, ప్రతి స్కూలూ ట్రైనర్‌ను నియమించి, ఆ చదువుకు తగ్గ జీతం ఇచ్చేలా రాష్ట్రాల శాసనసభల మీద అంతే గట్టిగా ఒత్తిడి తేవాలి. ఆ భారమంతా పద్దెనిమిదేళ్ల పిల్లల అప్పు మీద మోపడం అన్యాయం. ఇంతకీ, కోర్సును ఎంచుకునే ముందు మేము ఏమేమి చూడాలి?

ఒహాయోలో అథ్లెటిక్ ట్రైనర్:

గుర్తింపు ఉన్న ప్రతి కోర్సూ తన విద్యార్థుల్లో మొదటి ప్రయత్నంలోనే బోర్డు పరీక్ష నెగ్గినవారి శాతాన్ని, ఉద్యోగాల్లో చేరినవారి శాతాన్ని తన వెబ్‌సైటులో పెట్టి తీరాలి. ముందు వాటిని మూడేళ్లకు పోల్చి చూడండి. తర్వాత, క్లినికల్ శిక్షణకు ఏయే చోట్లకు పంపుతారో, అక్కడికి వెళ్లిరావడానికయ్యే ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా అడగండి.